‘వాజ్ రోట్’ ఎందుకు తప్పు? ఇంగ్లీష్ పాసివ్‌లో క్రియ మూడో రూపం లెక్క

‘ద లెటర్ వాజ్ రోట్ ఎస్టర్డే.’ ఇంగ్లీష్ బాగానే వచ్చినవాళ్లు కూడా అప్పుడప్పుడు ఇలాంటి వాక్యం రాసేస్తుంటారు. దిద్దేవాళ్లు ‘రోట్’ కొట్టేసి పైన ‘రిటెన్’ అని రాస్తారు, పాసివ్‌లో (కర్మణి ప్రయోగంలో) వీ3, అంటే ‘రైట్, రోట్, రిటెన్’ వరుసలో మూడో రూపం, రావాలి అని ఒక్క ముక్క చెప్పి వదిలేస్తారు. రాసినవాళ్లు తల ఊపుతారు. వారం తిరక్కుండా ‘ద గ్లాస్ వాజ్ బ్రోక్’ అని మళ్లీ రాస్తారు. సూత్రం తెలియక కాదు. ఉత్తరం రాసింది నిన్న. నిన్నటి పనికి పాస్ట్ రూపం వాడాలని మొదటి పాఠాల నుంచీ నేర్చుకున్నారు. ‘రోట్’ పాస్ట్ రూపమే. ఆ ఆలోచన తప్పని చెప్పడానికి లేదు, ఒక్క చోట తప్ప. ఆ ఒక్క చోటు ఏదో చూపకుండా దిద్దితే ఆ వాక్యం బాగుపడుతుందేమో గానీ తర్వాతి వాక్యం బాగుపడదు.

చిక్కులో సగం పేరు తెచ్చిపెట్టిందే. వీ3కి వ్యాకరణంలో ఉన్న ‘పాస్ట్ పార్టిసిపుల్’ అనే పేరులో పాస్ట్ అనే మాట కూర్చుని ఉంది కాబట్టి ఇది జరిగిపోయిన కాలాన్ని చెప్పే రూపమని అనుకుంటారు. నిజానికి ఈ రూపానికి కాలంతో పని లేదు. ‘ద లెటర్ ఈజ్ రిటెన్ ఎవ్రీ డే’ అంటే రోజూ జరిగే పని. ‘ద లెటర్ వాజ్ రిటెన్ ఎస్టర్డే’ అంటే నిన్నటిది. ‘ద లెటర్ విల్ బీ రిటెన్ టుమారో’ అంటే ఇంకా జరగనే లేదు. మూడింటిలోనూ ‘రిటెన్’ కదలకుండా అలాగే ఉంది. కాలాన్ని మోసినవి ‘ఈజ్’, ‘వాజ్’, ‘విల్ బీ’. ‘రిటెన్’ చెప్పేది ఒక్కటే: ఈ పని ఉత్తరం చేసింది కాదు, ఉత్తరానికి జరిగింది. వీ1, వీ2, వీ3 అని అంకెలు వేసి చెప్పడం ఈ విషయంలో పాత పేరు కంటే మేలు. కనీసం అంకె అబద్ధం చెప్పదు.

ఈ సంగతి తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. మన కర్మణి ప్రయోగాన్నే చూడండి. రాయబడింది, రాయబడుతోంది, రాయబడుతుంది, రాయబడవచ్చు. ‘రాయ’ అనే ముక్క ఎక్కడా మారలేదు. కాలమంతా ‘బడు’ మీదే పడింది. ఎవరూ ‘రాసింది బడింది’ అనరు, వినడానికే ఎబ్బెట్టుగా ఉంటుంది. ‘వాజ్ రోట్’ ఇంగ్లీష్ చెవికి సరిగ్గా అంత ఎబ్బెట్టుగానూ ఉంటుంది, ఎందుకంటే అందులో గతకాలం రెండుసార్లు పడింది, ‘వాజ్’లో ఒకసారి, ‘రోట్’లో ఇంకోసారి. ‘డిడ్ నాట్ వెంట్’ అనే తప్పు కూడా ఇదే జబ్బు. కాలాన్ని ఒక మాట మోస్తున్నప్పుడు రెండో మాట మోయకూడదు.

కాకపోతే ‘బడు’ మన మాటల్లో చాలా తక్కువ. అది బోర్డుల మీద, నోటీసుల్లో, అనువాదాల్లో కనిపిస్తుంది. మామూలుగా మాట్లాడేటప్పుడు ‘ఉత్తరం రాశారు’ అంటాం, లేదా ‘ఉత్తరం రాసి ఉంది’ అంటాం. ఎవరు రాశారో చెప్పనక్కర లేకపోతే కర్తను మింగేస్తాం, క్రియను మాత్రం అలాగే ఉంచుతాం. అందుకే ఇంగ్లీష్ పాసివ్ దగ్గరికి వచ్చేసరికి వినికిడితో అలవాటైన ఆధారం మనకు ఉండదు. లెక్క వేసుకుని కట్టాల్సి వస్తుంది. లెక్క తప్పితే వాక్యం తప్పుతుంది.

ఇంకో చిక్కు ‘రాసిన’ అనే మాటతో వస్తుంది. ‘రిటెన్’కు తెలుగు ఏమిటని అడిగితే చాలామంది ‘రాసిన’ అనే చెబుతారు. ‘రాసిన’ మాత్రం ‘రిటెన్’ కంటే చాలా పెద్ద మాట. రాసిన మనిషి, రాసిన ఉత్తరం, రాసిన కలం, రాసిన చోటు, రాసిన రోజు: అన్నింటికీ ఒకటే సరిపోతుంది. పని చేసినవాడెవరో, పని ఎవరి మీద జరిగిందో, దేనితో జరిగిందో ఆ మాట పట్టించుకోదు, వినేవాళ్లే అర్థం చేసుకుంటారు. ఇంగ్లీష్ ‘రిటెన్’ అలా కాదు. ‘రిటెన్ లెటర్’ ఉంటుంది, ‘రిటెన్ మ్యాన్’ ఉండడు. సకర్మక క్రియకు, అంటే కర్మను కోరే క్రియకు, వీ3 కడితే అది పనికి గురైన వస్తువు వైపే చూస్తుంది. అకర్మక క్రియల్లో కొన్నింటికి మాత్రం ఆ పని పూర్తయిన కర్త వైపు చూస్తుంది: ‘ఫాలెన్ లీవ్స్’ అంటే రాలిన ఆకులు. ఈ తేడాను మనసులో ఉంచుకుంటే ముందు ముందు వచ్చే తప్పులు చాలావరకు వాటంతట అవే విడిపోతాయి.

ముందు మాట చెప్పినట్టు వెనక మాట

పాసివ్ నేర్పేటప్పుడు సాధారణంగా ఒక పట్టిక ఇస్తారు. సింపుల్ ప్రెజెంట్ అయితే ఇది, ప్రెజెంట్ కంటిన్యువస్ అయితే అది, పర్ఫెక్ట్ అయితే మరొకటి, మోడల్ క్రియలకు ఇంకొకటి. పదీ పన్నెండు సూత్రాలు బట్టీ పట్టాలి. పరీక్ష రోజు వరకు అవి ఉంటాయి, తర్వాత టెన్షన్‌లో ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. నిజానికి అన్ని సూత్రాలు అక్కరలేదు. ఇంగ్లీష్ క్రియా సమూహంలో ప్రతి మాట తన వెనక వచ్చే మాట ఏ రూపంలో ఉండాలో నిర్ణయిస్తుంది. అదొక గొలుసు. గొలుసులో కొక్కేలు నాలుగే రకాలు.

‘విల్’, ‘కెన్’, ‘మస్ట్’, ‘షుడ్’ లాంటి మోడల్ క్రియ వెనక వీ1 వస్తుంది. ‘హ్యావ్’ వెనక, అది ‘హ్యాజ్’ అయినా ‘హ్యాడ్’ అయినా, వీ3 వస్తుంది. జరుగుతూ ఉన్న పనిని చెప్పే ‘బీ’ వెనక ‘ఇంగ్’ రూపం వస్తుంది. పాసివ్ ‘బీ’ వెనక వీ3 వస్తుంది. వరుస కూడా మారదు: మోడల్, తర్వాత హ్యావ్, తర్వాత ‘ఇంగ్’ కోరే బీ, తర్వాత పాసివ్ బీ, చివర అసలు క్రియ. కావలసినవి ఉంచుకుని తక్కినవి వదిలేయడమే మన పని.

‘ద లెటర్ మస్ట్ హ్యావ్ బీన్ రిటెన్ బై ఎ చైల్డ్’ అనే వాక్యాన్ని తీసుకుందాం. ఉత్తరం ఎవరో పిల్లలు రాసి ఉండాలి అని అర్థం. ‘మస్ట్’ మోడల్ కాబట్టి దాని వెనక ‘హ్యావ్’ వీ1లో ఉంది, ‘హ్యాజ్’ కాలేదు, ‘లెటర్’ ఏకవచనమైనా సరే. ‘హ్యావ్’ వీ3 కోరుతుంది కాబట్టి ‘బీ’ కాస్తా ‘బీన్’ అయింది. ఆ ‘బీన్’ పాసివ్‌ది కాబట్టి ‘రైట్’ కాస్తా ‘రిటెన్’ అయింది. గమనిస్తే ఇక్కడ వీ3 రెండుసార్లు వచ్చింది, రెండు వేర్వేరు కారణాలతో. ‘బీన్’ను తెచ్చింది ‘హ్యావ్’, ‘రిటెన్’ను తెచ్చింది ‘బీన్’. ఈ రెండు కారణాలను వేరుగా చూడగలిగినవాళ్లకు ఇక పట్టిక అక్కరలేదు.

1957లో భాషాశాస్త్రవేత్త నోమ్ చోమ్‌స్కీ ఇంగ్లీష్ సహాయక క్రియలను విశ్లేషించినప్పుడు ఇదే ముడిని విప్పారు. ‘హ్యావ్’తో పాటు వీ3 ప్రత్యయం ఒక జంటగా పుడుతుందని, ‘బీ’తో పాటు ‘ఇంగ్’ ఒక జంటగా పుడుతుందని, ఆ ప్రత్యయం వెంటనే వచ్చే మాట మీదికి దూకి అతుక్కుంటుందని ఆయన చూపించారు. పాసివ్‌కు ‘బీ’తో వీ3 ప్రత్యయం జంట. సిద్ధాంతంలో తర్వాత ఎన్నో మార్పులు వచ్చాయి గానీ, దూకే ప్రత్యయం అనే ఆ బొమ్మ భాష నేర్చుకునేవాళ్లకు ఇప్పటికీ బాగా పనికొస్తుంది.

ఈ గొలుసును పట్టుకుంటే ‘బీన్’, ‘బీయింగ్’ గొడవ తేలికగా తీరుతుంది. ‘ద బ్రిడ్జ్ ఈజ్ బీన్ బిల్ట్’ అని రాసేవాళ్లు చాలామంది. వేగంగా మాట్లాడేటప్పుడు రెండు మాటలూ దగ్గర దగ్గరగా వినిపిస్తాయి కాబట్టి చెవి మోసపోతుంది. కొక్కెం చూస్తే మోసం ఉండదు. ‘ఈజ్’ అంటే ‘బీ’. వంతెన కడుతూ ఉన్నారు కాబట్టి ఆ ‘బీ’ తన వెనక ‘ఇంగ్’ కోరుతుంది. కాబట్టి ‘ఈజ్ బీయింగ్ బిల్ట్’. అదే ‘హ్యాజ్’ ఉంటే వీ3 కావాలి, కాబట్టి ‘హ్యాజ్ బీన్ బిల్ట్’, కట్టడం అయిపోయింది. ‘ఈజ్’ వెనక ‘బీన్’ ఎప్పటికీ రాదు, ‘హ్యాజ్’ వెనక ‘బీయింగ్’ ఈ వరుసలో ఎప్పటికీ రాదు. ‘హ్యాజ్ బీన్ బీయింగ్ బిల్ట్’ అని గొలుసు మొత్తం సాగదీయడం వ్యాకరణం ఒప్పుకున్నా, వాడుకలో అది చాలా అరుదు, దానికోసం పట్టుబట్టాల్సిన పని లేదు.

‘ఈజ్ బీయింగ్ బిల్ట్’ అనేది ఇంగ్లీష్‌వాళ్లకు కూడా ఒకప్పుడు కొత్తే. 18వ శతాబ్దం చివరి వరకు ‘ద హౌస్ ఈజ్ బిల్డింగ్’ అనేవారు, ఇల్లు కట్టుబడిలో ఉంది అనే అర్థంలో. ‘ఈజ్ బీయింగ్’ రావడం మొదలైనప్పుడు 19వ శతాబ్దంలో కొందరు వ్యాకరణవేత్తలు దాన్ని గట్టిగా తిట్టారు కూడా. అది నిలిచింది, పాతది దాదాపు పోయింది. ఇప్పుడు పట్టికలో ఒక గడిగా కనిపిస్తున్నది అంత తర్వాతి కాలంలో కుదురుకున్న రూపమని తెలిస్తే, అది కష్టంగా అనిపించడంలో తప్పేమీ లేదని అర్థమవుతుంది.

గొలుసు మధ్యలో ‘నాట్’, ‘ఆల్రెడీ’, ‘కేర్‌ఫుల్లీ’ లాంటి మాటలు దూరినా కొక్కేలు చెదరవు. ‘హ్యాజ్ ఆల్రెడీ బీన్ సెంట్’లో ‘బీన్’ను కోరింది ‘హ్యాజే’. ఒకే ‘బీ’ కింద రెండు మూడు క్రియలు వచ్చినప్పుడు మాత్రం జాగ్రత్త కావాలి. ‘ద రిపోర్ట్ వాజ్ రిటెన్, చెక్డ్ అండ్ సెండ్’ అని రాస్తుంటారు. మొదటి క్రియ దగ్గర ఉన్న శ్రద్ధ మూడోదాని వరకు సాగదు. ‘వాజ్’ మూడింటినీ ఏలుతుంది కాబట్టి మూడూ వీ3లోనే ఉండాలి, చివరిది ‘సెంట్’. అలాగే ‘బీ’ కనిపించకుండా పోయిన చోట్ల కూడా వీ3 మారదు. ‘ద లెటర్ రిటెన్ బై హర్ ఈజ్ లాస్ట్’ అంటే ఆమె రాసిన ఉత్తరం పోయింది. ఇక్కడ ‘రిటెన్’ బదులు ‘రోట్’ పెడితే ఉత్తరమే ఏదో రాసిందని వాక్యం మొదలై మధ్యలో కూలిపోతుంది.

ఏ క్రియలు ఇబ్బంది పెడతాయి

ఇంగ్లీష్ క్రియల్లో అత్యధికం చివర ‘ఈడీ’ చేర్చుకునేవే. వాటికి వీ2, వీ3 ఒకటే. ‘ఓపెన్డ్’ ఎప్పుడు వీ2, ఎప్పుడు వీ3 అని రాసేవాళ్లకు తెలియకపోయినా వాక్యం సరిగానే ఉంటుంది. ఇదే అసలు ప్రమాదం. లోపల అపోహ ఉన్నా, వంద వాక్యాల వరకు బయటపడదు. పాసివ్‌లో పాస్ట్ రూపం వేస్తున్నామనే నమ్మకంతోనే ‘వాజ్ ఓపెన్డ్’, ‘వాజ్ ఫినిష్డ్’, ‘వాజ్ సెంట్’, ‘వాజ్ మేడ్’ అన్నీ సరిగ్గా రాసేస్తారు. ‘టేక్’ దగ్గరికి రాగానే ‘వాజ్ టుక్’ అని దొరికిపోతారు. కాబట్టి తప్పు ‘టేక్’ది కాదు, అది అంతకు ముందు వంద వాక్యాల్లో దాక్కున్నదే.

క్రమం తప్పిన క్రియలు లెక్కించే పద్ధతిని బట్టి 200కు అటూఇటూ ఉంటాయి. అందులో వీ2, వీ3 వేరువేరుగా ఉన్నవే పాసివ్‌కు ముఖ్యం. రైట్, రోట్, రిటెన్. టేక్, టుక్, టేకెన్. గివ్, గేవ్, గివెన్. బ్రేక్, బ్రోక్, బ్రోకెన్. స్టీల్, స్టోల్, స్టోలెన్. చూజ్, చోజ్, చోజెన్. స్పీక్, హైడ్, ఈట్, ఫర్గెట్ అన్నీ ఈ దారిలోవే, చివర ‘ఎన్’ అనే ధ్వని పట్టుకుని ఉంటాయి. సీ, సా, సీన్. నో, న్యూ, నోన్. త్రో, త్రూ, త్రోన్. ఇక్కడా ఆ ‘ఎన్’ ధ్వనే. బిగిన్, బిగాన్, బిగన్. డ్రింక్, డ్రాంక్, డ్రంక్ జట్టులో ‘ఎన్’ చేరలేదు, లోపలి అచ్చు మాత్రం మారింది.

‘ఎన్’, ‘ఈడీ’ అనే ఈ రెండు దారులూ చాలా పాతవి. వెయ్యేళ్ల కిందటి పాత ఇంగ్లీష్‌లోనే అచ్చు మార్చుకునే క్రియలకు ‘ఎన్’, మిగతావాటికి ‘డి’ ధ్వని ఉండేవి. అప్పట్లో వీ3 ముందు ‘గె’ అనే చిన్న ముక్క కూడా వచ్చేది, ‘గెవ్రిటెన్’ అన్నట్టు. జర్మన్‌లో ఆ ముక్క ఇప్పటికీ బతికే ఉంది. ఇంగ్లీష్‌లో అది అరిగిపోయింది. అది నిలిచి ఉంటే వీ2తో వీ3 కలిసిపోయే బాధే ఉండేది కాదు, మాట మొదట్లోనే గుర్తు కనిపించేది. అలాగే పాత ఇంగ్లీష్‌లో పాసివ్‌కు ‘బీ’ ఒక్కటే కాక, అవడం అనే అర్థమున్న ‘వెయోర్దన్’ అనే మరో క్రియ కూడా వాడేవారు. తలుపు మూసి ఉందా, తలుపు మూశారా అనే తేడాను ఆ రెండు క్రియలు పంచుకోగలిగేవి. జర్మన్ ఇప్పటికీ అలాగే పంచుకుంటుంది. ఇంగ్లీష్‌లో రెండోది పోవడంతో ‘ద డోర్ వాజ్ క్లోజ్డ్’ అనే వాక్యానికి రెండు అర్థాలూ మిగిలాయి. తలుపు మూసి ఉంది అనైనా కావచ్చు, తలుపు మూశారు అనైనా కావచ్చు. తెలుగులో ఆ తేడా ఎంత తేలిగ్గా చెప్పగలమో చూస్తే ముచ్చటేస్తుంది.

మళ్లీ క్రియల దగ్గరికి. కట్, పుట్, హిట్, సెట్, హర్ట్, షట్, స్ప్రెడ్ లాంటివి మూడు రూపాల్లోనూ ఒకటే. వీటికి ఏదో ఒకటి తగిలించాలనే ఆత్రంతో ‘వాజ్ కట్టెడ్’, ‘వాజ్ పుట్టెడ్’ అంటారు. ఏమీ చేర్చనక్కరలేదు: ‘ద ట్రీ వాజ్ కట్’. వీటి పక్కనే ‘రన్’, ‘కమ్’ జట్టు ఉంది. రన్, రాన్, రన్. ‘బిజినెస్ వాజ్ రన్ బై హర్ సిస్టర్’ సరైనది, చూడటానికి వీ1లా ఉంది కదా అని ‘రాన్’ చేయకూడదు. ‘ఓవర్‌కమ్’ కూడా అంతే, ‘ద డిఫికల్టీ వాజ్ ఓవర్‌కమ్’.

అన్నింటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది కవల క్రియల మీద. ‘ఫైండ్’ అంటే కనుక్కోవడం, దాని వీ3 ‘ఫౌండ్’. ‘ఫౌండ్’ అనే వేరే క్రియకు అర్థం స్థాపించడం, దాని వీ3 ‘ఫౌండెడ్’. ఒక సంస్థ గురించి ‘ఇట్ వాజ్ ఫౌండ్ ఇన్ 1950’ అని రాస్తే 1950లో అది ఎక్కడో దొరికిందని అర్థం వస్తుంది. ‘ఫౌండెడ్’ అంటేనే స్థాపించారని అర్థం. ‘ఫాల్’ అంటే పడటం, వీ3 ‘ఫాలెన్’, అకర్మకం కాబట్టి పాసివ్ లేదు. ‘ఫెల్’ అనే మరో క్రియకు చెట్టు నరికి పడేయడం అని అర్థం, వీ3 ‘ఫెల్డ్’, కాబట్టి ‘ద ట్రీ వాజ్ ఫెల్డ్’. ‘లై’ అంటే పడుకోవడం, ఉండటం: లై, లే, లెయిన్. ‘లే’ అంటే పరచడం, వేయడం: లే, లెయిడ్, లెయిడ్. పునాది రాయి వేశారు అనాలంటే ‘వాజ్ లెయిడ్’ తప్ప మరొకటి పనికిరాదు. ‘హ్యాంగ్’కు కూడా రెండు వీ3లు. బొమ్మను గోడకు వేలాడదీస్తే ‘హంగ్’, మనిషిని ఉరితీస్తే జాగ్రత్తగా రాసేవాళ్లు ‘హ్యాంగ్డ్’ వాడతారు.

ప్రాంతాన్ని బట్టి మారేవి కొన్ని ఉన్నాయి. ‘లెర్న్ట్’, ‘బర్న్ట్’, ‘స్పెల్ట్’ బ్రిటిష్ వాడుకలో ఎక్కువగా కనిపిస్తాయి, అమెరికన్ వాడుకలో వాటి స్థానంలో ‘ఈడీ’ రూపాలు. ‘గెట్’కు బ్రిటిష్‌లో ‘గాట్’, అమెరికన్‌లో చాలా అర్థాల్లో ‘గాటెన్’. ‘ప్రూవ్డ్’, ‘ప్రూవెన్’ రెండూ నడుస్తాయి. ఏది రాసినా తప్పు కాదు, ఒకే వ్యాసంలో రెండూ కలపకపోతే చాలు.

కొన్ని పాత వీ3లు క్రియ పని మానేసి విశేషణాలుగా స్థిరపడ్డాయి. ‘మోల్టెన్’ అంటే కరిగిన అని, లోహం లాంటివాటికి వాడతారు, కానీ ‘ద ఐరన్ వాజ్ మోల్టెన్ బై ద వర్కర్స్’ అనరు, ‘మెల్టెడ్’ అంటారు. ‘సంకెన్’, ‘ష్రంకెన్’ కూడా ఎక్కువగా నామవాచకం ముందే కనిపిస్తాయి. ‘రాట్ ఐరన్’లోని ‘రాట్’ అసలు ‘వర్క్’ అనే క్రియకు పాత వీ3 అని తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది.

నోట్లో కలిసిపోయే ‘డి’

తప్పు రూపం వేయడం ఒక రకం, రూపమే వేయకపోవడం ఇంకో రకం. ‘హీ ఈజ్ సపోజ్ టు కమ్’, ‘షీ ఈజ్ యూజ్ టు ఇట్’, ‘ఐ వాజ్ ఆస్క్ టు వెయిట్’. వీటికి వ్యాకరణం కంటే ఉచ్చారణే కారణం. ‘సపోజ్డ్ టు’ అన్నప్పుడు చివరి ‘డ్’ వెంటనే వచ్చే ‘ట’లో కలిసిపోతుంది, ఇంగ్లీష్ మాతృభాషగా ఉన్నవాళ్ల నోట్లో కూడా. చెవికి అందనిది చేతికి రాదు. వినపడకపోయినా ‘ఈజ్’ వెనక ‘సపోజ్’ వీ1గా నిలవలేదని గొలుసు చెబుతుంది. ఇది తప్పును చెవితో కాకుండా చూపుతో పట్టుకోవాల్సిన చోటు. ‘విల్ బీ అనౌన్స్ సూన్’, ‘కెన్ బీ డౌన్‌లోడ్ ఫ్రమ్ హియర్’ కూడా ఈ జాతివే. ‘విల్’, ‘కెన్’ వీ1 కోరతాయన్నది నిజమే, కానీ ఆ వీ1 ‘బీ’ రూపంలో వచ్చేసింది. దాని వెనక ఉన్న క్రియను ఏలేది ‘బీ’, ‘విల్’ కాదు.

స్పెల్లింగ్ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. చివరి అక్షర భాగం మీద ఊనిక ఉంటే హల్లు రెట్టిస్తారు, ‘రెఫర్డ్’లో ఆర్ రెండుసార్లు, ‘అడ్మిటెడ్’లో టి రెండుసార్లు. ఊనిక ముందు ఉంటే రెట్టించరు, ‘ఆఫర్డ్’లో ఆర్ ఒక్కటే. ‘పెయిడ్’, ‘లెయిడ్’లో వై పోయి ఐ వస్తుంది.

పాసివ్ కాకూడనివి

ఇప్పుడు అసలైన కష్టం. ‘యాన్ యాక్సిడెంట్ వాజ్ హ్యాపెన్డ్.’ వీ3 సరైనదే, ‘వాజ్’ సరైనదే, వాక్యం మాత్రం తప్పు. ‘వాజ్ అకర్డ్’, ‘వాజ్ డైడ్’, ‘వాజ్ అరైవ్డ్’, ‘వాజ్ డిసప్పియర్డ్’ కూడా అంతే. ఇవి అకర్మక క్రియలు. పని ఎవరి మీదా పడదు కాబట్టి, కర్త స్థానంలోకి తెచ్చి కూర్చోబెట్టడానికి కర్మ లేదు. అయినా ఇలా ఎందుకు రాస్తారంటే, ప్రమాదం తనంత తానుగా ఏమీ చేయలేదు, దానంతట అది జరిగింది, కాబట్టి పాసివ్ కావాలని మనసు అనుకుంటుంది. అర్థంలో ఆ వాదనకు బలం ఉంది కూడా. ఎన్నో వేర్వేరు భాషలవాళ్లు ఇంగ్లీష్ నేర్చుకునేటప్పుడు సరిగ్గా ఇదే తప్పు చేస్తారు. అయితే ఇంగ్లీష్ ఇక్కడ అర్థాన్ని కాక కర్మ ఉందా లేదా అన్నదాన్నే చూస్తుంది.

ఇక్కడ తెలుగు మనకు గొప్ప సాయం చేస్తుంది, దాన్ని వాడుకోకపోవడం నష్టం. జరుగు, జరుపు. పెరుగు, పెంచు. ఆగు, ఆపు. మారు, మార్చు. విరుగు, విరుచు. తెలుగు ఈ జంటలను విడివిడిగా ఉంచింది. ఇంగ్లీష్‌లో ఇలాంటి చాలా జంటలకు ఒకే క్రియ: ‘ఇంక్రీజ్’, ‘స్టాప్’, ‘చేంజ్’, ‘బ్రేక్’. అందుకే వాక్యం మనసులో తెలుగులో ఎలా వస్తుందో ఒక్క క్షణం చూసుకుంటే చాలు. ‘సంఖ్య పెరిగింది’ అని వస్తే ‘ద నంబర్ హ్యాజ్ ఇంక్రీజ్డ్’, పాసివ్ అక్కరలేదు. ‘సంఖ్య పెంచారు’ అని వస్తే ‘ద నంబర్ హ్యాజ్ బీన్ ఇంక్రీజ్డ్’. ‘రూల్ మారింది’ అంటే ‘హ్యాజ్ చేంజ్డ్’, ‘రూల్ మార్చారు’ అంటే ‘హ్యాజ్ బీన్ చేంజ్డ్’. ‘మీటింగ్ జరిగింది’ అన్నది ‘టుక్ ప్లేస్’, ‘మీటింగ్ జరిపారు’ అన్నది ‘వాజ్ హెల్డ్’. తెలుగు క్రియ చివర ఎవరో చేశారనే ‘ఆరు’ ఉంటే పాసివ్ వైపు, ‘ఇంది’తో తనంత తానుగా అయితే యాక్టివ్ వైపు అని తొలి అంచనా వేసుకోవచ్చు. చాలా సార్లు అది సరిపోతుంది.

సరిపోని చోటు ‘అయింది’. ‘పని పూర్తయింది’ అన్నది తెలుగులో తనంత తానుగా జరిగిన పనిలా ఉంది, కాబట్టి ‘ద వర్క్ హ్యాజ్ కంప్లీటెడ్’ అని రాసేస్తారు. కొక్కేలు చూస్తే తప్పు కనపడదు, ‘హ్యాజ్’ వెనక వీ3 ఉంది. కానీ గొలుసులో ‘బీ’ లేదు, ‘కంప్లీట్’ కర్మను కోరే క్రియ, కాబట్టి పని దేన్నో పూర్తి చేసిందని వాక్యం చెబుతోంది, దేన్నో చెప్పకుండా ఆగిపోయింది. ‘హ్యాజ్ బీన్ కంప్లీటెడ్’ అనాలి, లేదా ‘కంప్లీట్’ను విశేషణం చేసి ‘ద వర్క్ ఈజ్ కంప్లీట్’ అనాలి. ఆఫీసు ఉత్తరాల్లో అన్నింటికంటే ఎక్కువగా కనిపించే పొరపాటు బహుశా ఇదే. గొలుసు రూపాన్ని మాత్రమే కాపాడుతుంది. ‘బీ’ ఉండాలా వద్దా అన్నది అర్థం చూసి తేల్చుకోవాల్సిందే.

‘హీ ఈజ్ గాన్’ను చూసి ఇది కూడా పాసివేనా అని అడుగుతారు. కాదు. పాత ఇంగ్లీష్ రోజుల నుంచి కదలికను చెప్పే క్రియలకు ‘హ్యావ్’ బదులు ‘బీ’ వాడే అలవాటు ఉండేది, ‘హీ ఈజ్ కమ్’ అని కూడా అనేవారు. ఆ అలవాటు పోయినా ‘ఈజ్ గాన్’ ఒక గుర్తుగా మిగిలింది. ఎవరో అతన్ని పంపారని కాదు, అతను వెళ్లిపోయి ఇప్పుడు లేడని.

జంట మాటల క్రియల్లో వీ3 పడేది మొదటి మాట మీద, వెనక ఉన్న చిన్న మాట మాత్రం పోకూడదు. ‘ద చైల్డ్ వాజ్ లుక్డ్ ఆఫ్టర్’, ‘ద మ్యాచ్ వాజ్ కాల్డ్ ఆఫ్’. ‘ఆఫ్టర్’ తీసేస్తే పిల్లవాణ్ని చూసుకోవడం కాస్తా అర్థం లేని మాటగా మిగులుతుంది. రెండు కర్మలున్న ‘గివ్’, ‘టెల్’ లాంటివాటిలో తెలుగు ‘నాకు’ అడ్డుపడుతుంది. ‘నాకు చెప్పారు’ను ‘టు మీ వాజ్ టోల్డ్’ అని కట్టబోతారు. ఇంగ్లీష్ ‘నాకు’ను కర్తగా మార్చేస్తుంది: ‘ఐ వాజ్ టోల్డ్’. వినడానికి నేనేదో చెప్పినట్టుంటుంది, కానీ ‘వాజ్’, దాని వెనక వీ3 కలిసి దిశను తిప్పేశాయి.

ఇంతవరకు వీ3 పోయిన తప్పులే ఎక్కువగా చూశాం. ‘బీ’ పోయే తప్పు ఒకటి ఉంది, అది దాదాపు ప్రతి పరిచయంలోనూ వినిపిస్తుంది: ‘ఐ బార్న్ ఇన్ 1998’. తెలుగులో ‘పుట్టాను’ అంటాం, అది పూర్తిగా నేను చేసిన పనే. ఇంగ్లీష్‌లో పుట్టడం మనం చేసే పని కాదు, తల్లి చేసే పని. ‘బేర్’ అంటే మోయడం, కనడం. దాని వీ2 ‘బోర్’. వీ3కి పలుకు ఒకటే గానీ స్పెల్లింగులు రెండు. చివర ‘ఈ’ ఉన్నది (తేడా తెలియడానికి ఇక్కడ ‘బోర్న్’ అని రాశాం) మోసిన అర్థానికి: ‘ద కాస్ట్ వాజ్ బోర్న్ బై ద కంపెనీ’, ఖర్చు కంపెనీ భరించింది. తల్లి వైపు నుంచి ‘షీ హ్యాజ్ బోర్న్ టూ చిల్డ్రన్’ అన్నా, ‘బై’ చేర్చి ఫలానా ఆమె కన్నదని చెప్పినా ఆ ‘ఈ’ ఉంటుంది. ‘ఈ’ లేనిది పుట్టినవాళ్ల వైపు నుంచి చెప్పే పాసివ్‌కే మిగిలింది. వీ3 ఒంటరిగా క్రియ కాలేదు కాబట్టి ‘ఐ వాజ్ బార్న్’ అనాలి. ప్రశ్న అడిగేటప్పుడు కూడా కాలాన్ని మోసేది ‘బీ’ కాబట్టి ముందుకు జరిగేది అదే, ‘డిడ్’కు అక్కడ చోటు లేదు. ‘వేర్ డిడ్ యూ బార్న్’ కాదు, ‘వేర్ వర్ యూ బార్న్?’